నేర్పిన చెయ్యి

పందొమ్మిది మంది కలిపి ఒక్క మనిషేనని యంత్రం తేల్చేసింది.

గురువారం సాయంత్రం నాలుగైంది. రాజమహేంద్రవరం ప్రయోగశాలలో టీలు వచ్చే వేళ. సువార్త గ్లాసు అందుకుందే గాని తాగలేదు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. మడకం జోగయ్య, సోడె ముత్తయ్య, కురసం లచ్చమ్మ... అందరూ శబరి ఏటి దగ్గర, మూడు రాష్ట్రాలు కలిసే చోట అంబులెన్సుల్లో పనిచేసేవాళ్లు. జాబితా కింద రెండే ముక్కలున్నాయి. ‘ఒకే చెయ్యి, పందొమ్మిది పేర్లు. ఇరవై నాలుగు గంటల్లో లైసెన్సుల నిలిపివేత.’

ఆ మాటలు యంత్రం నోట్లో పెట్టింది సువార్తే. ఏడాది కిందట మూడు రాష్ట్రాల అధికారుల ముందు నిలబడి, “దొంగ దొరికాక ఒక్కరోజు మించి ఆగేది లేదు” అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఇప్పుడు ఆ చప్పట్లు గుర్తొచ్చి గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

ప్రయోగశాల పెద్ద పతంజలి గారు పక్క గదిలోంచి కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు.

“ఏంటమ్మా, పందొమ్మిది మంది దొంగలా?”

“దొంగలు కాదు సార్. వాళ్లు నాకు తెలుసు. మా ఊరి చుట్టుపక్కల వాళ్లే.”

“తెలిసినంత మాత్రాన దొంగలు కాకుండా పోతారా? యంత్రం పొరబడదని నువ్వే కదా చెప్పావు.”

“ఎక్కడో తేడా జరిగింది. ఒక్క వారం గడువిప్పించండి సార్.”

“నా చేతిలో ఏముందమ్మా? లైసెన్సు మండలి నిబంధన. రేపు నాలుగింటికి తాళాలు పడిపోతాయి. ఈలోగా వాళ్లు వేరువేరని రుజువు చూపించు, నేనే సంతకం పెడతాను. లేదా విచారణ. విచారణంటే ఎంత లేదన్నా నెల.”

నెల! అదీ వానాకాలంలో. ఏరు పొంగి, దారులు తెగి, పాముకాట్లూ కాన్పులూ ఒకేసారి మీద పడే రోజుల్లో అక్కడ పందొమ్మిది బండ్లు మందుల్లేకుండా తిరగాలి.

తేడా ఎక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. తెలిసే గడువు అడిగింది.

అసలీ యంత్రం సంగతి ముందు చెప్పుకోవాలి. పేరు గొప్పగా హస్తసాక్షి అని పెట్టారు గాని, చూడ్డానికి మణికట్టుకు కట్టుకునే నల్లటి పట్టీ, అంతే. మూడేళ్ల కిందట ఎవడో వేరేవాడి కార్డు మెడలో వేసుకుని అంబులెన్సు ఎక్కాడు. ఒక మందు ఇవ్వాల్సిన చోట ఇంకో మందు ఇచ్చి ఓ బడిపంతులు ప్రాణం తీశాడు. కార్డును నమ్మలేం. వేలిముద్ర చూద్దామా అంటే చేతికి గ్లవ్సు, దాని మీద నెత్తురు. పైగా వేలిముద్ర మనిషెవరో చెబుతుంది గాని, వాడికి పని వచ్చో రాదో చెప్పదు. ఇది చాలదన్నట్టు ఇటు రాష్ట్రం లైసెన్సు అటు చెల్లదు. రోగిని వంతెన మధ్యలో ఒక బండి నుంచి దింపి ఇంకో బండిలోకి ఎక్కించేవాళ్లు. అలా దింపి ఎక్కించేలోపే పోయినవాళ్లు ఒకరా ఇద్దరా!

సువార్త ఏం చేసిందంటే, పని వచ్చిన చేతినే లైసెన్సుగా మార్చింది. నరం వెతికేటప్పుడు, సూది గుచ్చేటప్పుడు, గుండె మీద నొక్కేటప్పుడు ప్రతి చేతికీ ఓ నడక ఉంటుంది. అందులో సగం నేర్పిన గురువుది, సగం సొంతం. పట్టీ ముందుగా గురువు చేతి నడకను లెక్కలోంచి తీసేస్తుంది. మిగిలిందే ఆ మనిషి సంతకం. సంతకం కలిస్తే అంబులెన్సులో మందుల పెట్టె తెరుచుకుంటుంది. ఏ రాష్ట్రమైనా సరే, ఫోను సిగ్నలు లేని అడవైనా సరే. కలవకపోతే తెరుచుకోదు. బలవంతాన పగలగొడితే లోపలి సీసాలు వాటంతటవే చితికిపోతాయి. మందులు దొంగల పాలవకుండా ఆ ఏర్పాటు కూడా సువార్తే పెట్టింది.

అందుకని ప్రతివాళ్ల దరఖాస్తులోనూ ఓ గడి ఉంటుంది. ‘పని నేర్పిన గురువు పేరు, లైసెన్సు నంబరు.’ పట్నాల వాళ్లకు కాలేజీ గురువులున్నారు. సరిహద్దు పందొమ్మిది మందీ పరీక్ష రాసి పాసైనవాళ్లే, లైసెన్సులు ఉన్నవాళ్లే. గురువు గడిలో మాత్రం అందరూ ఒకే పేరు రాశారు. ‘సిస్టర్ దీవెనమ్మ, మిషన్ ఆసుపత్రి.’ నంబరు దగ్గర ఖాళీ వదిలేశారు.

దీవెనమ్మ సువార్త కన్నతల్లి. ఆవిడ సిస్టరూ కాదు, ఆవిడకు నంబరూ లేదు.

ఆ దరఖాస్తులు బల్ల మీదికి వచ్చిన రోజు సువార్త గది తలుపు గడియ పెట్టుకుంది. పందొమ్మిదింటిలోనూ తల్లి పేరు చెరిపేసి కాలేజీ గురువు పేరు, ఆయన నంబరు ఎక్కించింది. ఎవరు చూస్తారులే అనుకుంది. నిజంగానే ఎవరూ చూడలేదు, యంత్రం తప్ప. వాళ్ల చేతుల్లో లేని గురువును తీసేయబోయింది. ఉన్న గురువు అలాగే ఉండిపోయింది. మొదటి ఏడాది లెక్కకు సంతకాలన్నీ పక్కపక్కన పెట్టి చూసేసరికి పందొమ్మిది చేతుల్లోనూ ఒక్క దీవెనమ్మే కనిపిస్తే అది మాత్రం ఏమంటుంది పాపం, ఒక్కరే అంది.

శుక్రవారం తెల్లారి ఆరింటికల్లా ప్రయోగశాల జీపులో బయల్దేరింది సువార్త. ఒడిలో పలకలాంటి చిన్న కంప్యూటరు, సంచిలో ఓ కొత్త పట్టీ. ఘాటు రోడ్డు మీద జీపు మలుపు తిరిగిన ప్రతిసారీ వాచీ చూసుకుంది. డ్రైవరు రెండుసార్లు టీకి ఆపుతానన్నాడు. రెండుసార్లూ కసిరింది.

ఆమె ఆలోచన ఒక్కటే. అమ్మకు ఏమీ చెప్పకుండా పట్టీ కట్టించాలి, ఆ చేతి నడక పట్టుకోవాలి, కాలేజీ గురువు నంబరు కిందే దాన్ని ఎక్కించేయాలి. అప్పుడు యంత్రం అమ్మ చేతిని తీసేస్తుంది. పందొమ్మిది మందీ విడిపోతారు. అమ్మ పేరు బయటికి రాదు. వస్తే? లైసెన్సు లేకుండా ముప్పై ఏళ్లు వైద్యం చేసింది, పైగా నేర్పింది. కేసు పెడతారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో అమ్మను స్టేషను బల్ల మీద కూర్చోబెడతారు.

ఈ దాపరికం ఇవాళ్టిది కాదు. దీవెనమ్మ పదిహేడో ఏట మిషన్ ఆసుపత్రిలో ఊడ్చే ఆయాగా చేరింది. అక్కడి డాక్టరమ్మ ఆవిడ చేతుల్లో ఏం చూసిందో, చీపురు పక్కన పెట్టించి దగ్గరుండి పని నేర్పింది. డాక్టరమ్మ పోయింది, ఆసుపత్రి మూతపడింది, రోగులు మాత్రం రావడం మానలేదు. ఊళ్లన్నీ ఆవిణ్ణి సిస్టరమ్మా అనడం మొదలుపెట్టాయి. బళ్లో ‘తల్లి వృత్తి’ అన్న చోట సువార్త ‘నర్సు’ అని రాసేది. కాలేజీలోనూ అదే రాసింది. ఆయా కూతురని ఎవరికైనా తెలుస్తుందేమోనని హాస్టల్లో ఉన్నన్నాళ్లూ హడలిపోయింది. తల్లి పని నేర్చుకోమంటే మాత్రం ఒక్కనాడూ ఆవిడ రోగుల్ని చూసే పాకలో అడుగుపెట్టలేదు.

జీపు ఊళ్లోకి వచ్చేసరికి పదకొండున్నర. ఆసుపత్రి పాక అరుగు మీద దీవెనమ్మ ఒకతని అరికాల్లో ముల్లు తీస్తోంది. తలెత్తి కూతుర్ని చూసి, మళ్లీ ముల్లు మీదికి వంగింది.

“వచ్చావా? చెప్పా పెట్టకుండా వచ్చావంటే ఏదో ముంచుకొచ్చే ఉంటుంది. చేపల పులుసుంది, తిందువుగాని.”

“పని మీద వచ్చానమ్మా. ఓ కొలత చూసుకుని వెళ్లిపోతాను.”

“వెళ్దువుగానిలే. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో.”

సువార్త అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. పట్టీ సంచిలోనే ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. తల్లి కళ్లలోకి చూసి అబద్ధం చెప్పడం ఆమెకు ఎప్పుడూ చాతకాలేదు. కాగితాల మీదైతే ఎన్నైనా రాయగలదు.

ఒంటిగంటకు మడకం జోగయ్య వచ్చాడు. వంతెన దగ్గరి అంబులెన్సులో పనిచేసేది అతనే. నలభై ఏళ్లవాడు, యూనిఫాం చొక్కా నీటుగా ఇస్త్రీ చేసుకుని ఉన్నాడు. చేతిలో ఫోను పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

“అక్కా, నువ్వొచ్చావని తెలిసి వచ్చా. ఇదిగో, మెసేజొచ్చింది. నాలుగింటి నుంచి నా పెట్టె తెరుచుకోదంట. నేను దొంగనంట. నా పెళ్లాం చదివి ఏడుస్తోంది. నిజమేనా?”

“కాదు జోగయ్యా. చిన్న పొరపాటు. నేను చూసుకుంటాగా.”

“నువ్వు చూసుకుంటానంటే ఇంకేం భయంలే.” అతను నిజంగానే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “ఏరు అవతల ఓ ఆడమనిషికి ఒళ్లంతా నీరొచ్చిందంట, ఎనిమిదో నెల. అక్కడికే పోతున్నా. ఇంకో బండి కావాలంటే ఘాటు కిందనుంచి రావాల. మూడు గంటల పైమాటే.”

అతను వెళ్లిపోయాడు. ఆ నమ్మకం చూశాక సువార్త కూర్చున్నచోట నిలవలేకపోయింది.

“అమ్మా, ఈ పట్టీ ఓసారి కట్టుకో. కొత్త రకం. కొలత సరిపోతుందో లేదో చూడాలి.”

దీవెనమ్మ చెయ్యి చాపింది, ఎందుకని అడగలేదు. పాకలో ఎప్పుడూ ఓ పచ్చి బొప్పాయికాయ ఉంటుంది, సూది గుచ్చడం నేర్పేది దాని మీదే. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరికి కోయ మాటే వచ్చు, కొందరికి ఒడియా, కొందరికి హిందీ. దీవెనమ్మకు తెలుగు తప్ప ఏదీ రాదు. అందుకని ఆవిడ నోటితో చెప్పేది కాదు. వెనకాల నిలబడి, శిష్యుడి చేతి మీద తన చెయ్యి వేసి, చేతితోనే చెప్పేది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆగాలో, ఎంత లోతుకు పోవాలో అన్నీ చెయ్యికి చెయ్యే అప్పగించేది. అలా నేర్చుకున్న పందొమ్మిది మందికీ ఒకే నడక వచ్చిందంటే వింతేముంది?

ఆవిడ రెండు వేళ్లతో కాయ మీద రెండుసార్లు మెల్లగా తట్టింది. బొటనవేలితో పక్కకు ఒకసారి నిమిరింది. సూది దించి, తీసి, దూది పెట్టి, మూడు క్షణాలు అదిమిపట్టింది. ఆ నిమరడం సువార్తకు తెలుసు. చిన్నప్పుడు జడ వేసి చివర రిబ్బను ముడేశాక తల్లి ఇలాగే ఓసారి నిమిరేది.

మళ్లీ మళ్లీ అదే చేయించగా, రెండు గంటలు దాటాక తెర మీద ఒకే లావుపాటి గీత కదిలింది. జడ విప్పినట్టు పాయలు పాయలుగా విడిపోయింది. లెక్కపెట్టింది. పందొమ్మిది. ఏ గీతా ఇంకోదానిలా లేదు. సువార్త గట్టిగా నవ్వేసింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

“ఏంటే, పిచ్చిదానిలా!”

“ఏం లేదమ్మా. అయిపోయింది, అంతా సరిపోయింది.”

సరిపోలేదు. కాలేజీ గురువు నంబరు కొట్టగానే తెర ఎర్రబడింది. ‘ఈ నంబరుకు ఇదివరకే వేరే చెయ్యి ఉంది.’ ఉండదా మరి! పట్నం వాళ్లందరినీ నమోదు చేసేటప్పుడు ఆయన చేతిని తనే ఎక్కించింది. గాభరాలో ఆ సంగతే మరిచిపోయింది. ఇంకేదో నంబరు కల్పించి కొట్టింది. ‘మండలి పుస్తకంలో ఇలాంటి నంబరు లేదు. ఇంకొక్క అవకాశం మాత్రమే.’ దాని కింద మరో గడి వచ్చింది. ‘గురువుకు లైసెన్సు లేనిచో, సాక్షి బాధ్యత మీద నమోదు.’ ఎక్కడో కాగితాలు పోగొట్టుకున్న ముసలి గురువులుంటారేమోనని ఆ గడి కూడా పెట్టింది. అది నొక్కితే ఎవరి సంతకమూ అక్కర్లేకుండా నమోదు అయిపోతుంది, కానీ వెంటనే మూడు రాష్ట్రాల అధికారులకూ కబురు పోతుంది. ఇంతవరకూ దాన్ని ఎవరూ వాడలేదు.

మూడూ నలభై.

“ఏం అడుగుతోందే అది?” దీవెనమ్మ కూతురి భుజం మీదుగా తొంగిచూసింది. చదవడం ఆవిడకు బైబిలు పుణ్యమాని బాగానే వచ్చు. “గురువు... లైసెన్సు... ఏంటిది సువార్తా?”

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. సువార్త మొత్తం చెప్పేసింది. పేరు చెరిపిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం తల దించుకుంది.

దీవెనమ్మ పట్టీ అంచును గోటితో గీకుతూ కూర్చుంది.

“పందొమ్మిదింటిలోనూ చెరిపావా?”

“నిన్ను జైల్లో పెడతారమ్మా! అందుకే...”

“జైలుకు భయపడి చెరిపావా, సిగ్గుపడి చెరిపావా?”

సువార్త తెర మీది గడి వంకే చూసింది.

“పోనీలే. ఏదైతేనేం. ఆ గడిలో లేదని రాసెయ్.”

“రాయను. రాశానంటే రేపు నిన్ను ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఈ పాక మూసేస్తారు. పతంజలి గారితో మాట్లాడతాను, ఇంకో దారి వెతుకుతాను. కాస్త టైమివ్వమ్మా.”

ఆయనకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి మోగుతుండగానే గోడ గడియారం నాలుగు కొట్టింది. కంప్యూటరు తెర మీద పందొమ్మిది పేర్ల పక్కన పందొమ్మిది తాళాలు పడ్డాయి. చప్పుడు కూడా కాలేదు. వాన మాత్రం మొదలైంది.

నాలుగూ ఏడుకు వంతెన మీద సైరను వినిపించింది.

అంబులెన్సు పాక ముందే ఆగింది. జోగయ్య వెనక తలుపు తోసుకుని కేకేశాడు. “సిస్టరమ్మా! ఫిట్సు! దారిలో ఒకసారి వచ్చింది, మళ్లీ మొదలైంది. పెట్టె తెరుచుకోవట్లేదు!”

దీవెనమ్మ ఆ వయసులో బండెలా ఎక్కిందో తెలీదు, సువార్త చూసేసరికి లోపలుంది. స్ట్రెచరు మీద ఇరవై ఏళ్ల పిల్ల. పేరు సుక్రి అట. ఒళ్లంతా బిగుసుకుపోయి కొట్టుకుంటోంది, పెదవులు నీలంగా మారుతున్నాయి. దీవెనమ్మ ఆమెను పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన చెయ్యి పెట్టింది. ముసలి అత్త ఒకావిడ మూలన కూర్చుని ఒడియాలో ఏదో మొక్కుకుంటోంది. మూర్ఛ ఆపే మందు అరచెయ్యంత దూరంలో, ఉక్కుపెట్టెలో ఉంది. జోగయ్య పట్టీ కట్టిన చెయ్యి పెట్టె మీద ఆన్చి రెండు వేళ్లతో తట్టాడు, బొటనవేలితో నిమిరాడు. ఎర్రదీపం. మళ్లీ చేశాడు. మళ్లీ ఎర్రదీపం.

“నాదే అక్కా ఈ చెయ్యి! నా చెయ్యే ఇది!” జోగయ్య ఏడుస్తున్నాడు. “పగలగొట్టేదా?”

“వద్దు! సీసాలు చితికిపోతాయ్!” ఆ మాట తన నోటితోనే అనాల్సొచ్చినందుకు సువార్తకు తన మీద తనకే అసహ్యమేసింది.

“రాయవే,” అంది దీవెనమ్మ, సుక్రి మొహం మీంచి చూపు తిప్పకుండా.

“అమ్మా, నిన్ను...”

“నా సంగతి తరవాత. లేదని రాయి. ముప్పై ఏళ్ల నుంచీ లేదుగా, ఇవాళ రాస్తే కొత్తగా పోయేదేముంది? ఈ పిల్ల పోతోంది ఇక్కడ!”

సువార్త కంప్యూటరు ముందుకు లాక్కుంది. రెండు అక్షరాలు తప్పు పడ్డాయి, చెరిపింది. గురువు: దీవెనమ్మ, ఆయా. లైసెన్సు: లేదు. సాక్షి: సువార్త, కూతురు. ‘సాక్షి వివరణ’ అన్న చోట ఒక్క వాక్యం రాసింది. ‘ఈ పందొమ్మిది మందికి తప్పుడు గురువు పేరు ఎక్కించింది నేనే.’ నొక్కింది.

కబురు పోవాలి, నమోదైందని తిరిగి రావాలి, అప్పుడే తాళాలు వీడతాయి. వానకి సిగ్నలు ఒక గీతే చూపిస్తోంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. సుక్రి గొంతులోంచి గురగుర శబ్దం వస్తోంది. “తల్లీ, ఆగమ్మా, ఒక్క నిమిషం,” అని దీవెనమ్మ ఆ పిల్లకు అర్థంకాని భాషలో బతిమాలుతోంది. చక్రం తిరుగుతూనే ఉంది. సువార్త కంప్యూటరును వాన కిందికి, రోడ్డు మధ్యకి, వంతెన వైపుకి పట్టుకుని పరుగెత్తింది. తడిసి పాడైపోతుందన్న ధ్యాస కూడా లేదు. దేవుడా, దేవుడా అంటోంది పైకే.

టక్కుమని వెనకాల చప్పుడైంది. పెట్టె తెరుచుకున్న చప్పుడు.

పరుగున వెనక్కి వచ్చేసరికి జోగయ్య మందు ఎక్కిస్తున్నాడు. రెండు వేళ్లు తట్టాయి, బొటనవేలు నిమిరింది. అచ్చం అమ్మే. కానీ సూది దించే ముందు అతని చిటికెనవేలు కొంచెం పైకి లేచి వంగింది. అది అమ్మది కాదు, జోగయ్యది. ఏడాదిపాటు గీతల్లోనే వెతికిన సొంత నడకను సువార్త మొదటిసారి చేతిలో చూసింది.

సుక్రి ఒళ్లు మెల్లగా సడలింది. బండి వచ్చి అప్పటికి పదకొండు నిమిషాలైంది. ఆ పదకొండు నిమిషాల్లో ఎన్ని తన మొండితనం వల్ల పోయాయో సువార్త తరవాత చాలా రోజులు లెక్కేసుకుంది. పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డా బతికారని కబురొచ్చాక కూడా ఆ లెక్క మానలేకపోయింది.

విచారణ ఇద్దరికీ కలిపే జరిగింది. మండలి తరఫున వచ్చిన ముగ్గురూ మర్యాదస్తులే, కుర్చీ వేయించి మంచినీళ్లిచ్చి మరీ అడిగారు.

“మీకెవరు నేర్పారమ్మా?”

“డాక్టరమ్మ బాబూ. చచ్చిపోయింది.”

“ఆవిడ మీకు కాగితమేమీ ఇవ్వలేదా?”

“తన చేతిపని ఇచ్చింది. కాగితం కూడా అడగాలని నాకు తెలీదు.”

ఆ పెద్దమనిషి కాసేపు కలం ఆడించి, తలవంచుకుని రాసుకున్నాడు. వయసు చూసి కేసు పెట్టలేదు. సువార్తను ఉద్యోగం నుంచి తాత్కాలికంగా తప్పించడంతో తల్లి దగ్గరికే వచ్చేసింది. పందొమ్మిది మంది లైసెన్సులు అలాగే ఉంచారు. దీవెనమ్మకు మాత్రం ఉత్తర్వు వచ్చింది. ఇకముందు ఆవిడ ఏ రోగినీ ముట్టుకోరాదు. యంత్రంలో ఎక్కించిన ఆవిడ చేతిని కూడా తీసేద్దామనుకున్నారు గాని కుదర్లేదు. తీసేస్తే పందొమ్మిది పెట్టెలకూ తాళాలు పడతాయి. అంటే ఆ చెయ్యి లేకపోతే మూడు రాష్ట్రాల సరిహద్దులో ఒక్క మందు బయటికి రాదు, అదే చెయ్యి మాత్రం ఎవరి ఒంటి మీదా పడకూడదు. ఇదెక్కడి న్యాయమో అడగడానికి సువార్తకు నోరు లేదు. ఆ నిబంధనల్లో సగం తను రాసినవే.

దీవెనమ్మ ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించింది. పాక తలుపు తీసేది, అరుగు మీద కూర్చునేది, చేతులు రెండూ కొంగు కింద పెట్టుకునేది. ఎవరైనా వస్తే జోగయ్యకు కబురు పెట్టమనేది. రాత్రుళ్లు భోంచేసేటప్పుడు కుడిచెయ్యి సన్నగా వణకడం సువార్త గమనించింది. ఆ చెయ్యి అలా వణకడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అడిగితే, “పని లేక దానికి తోచట్లేదే,” అంది తల్లి.

మూడు నెలలకు, ఓ పొద్దున్న, సుక్రి ఏరు దాటి వచ్చింది. చంకలో బిడ్డ. ఆ రోజు పుట్టినవాడే. ఒళ్లు కాలిపోతోంది. సుక్రి వాణ్ణి తిన్నగా తెచ్చి దీవెనమ్మ ఒడిలో పెట్టబోయింది.

దీవెనమ్మ చేతులు కొంగులోంచి బయటికొచ్చాయి, గాల్లోనే ఆగిపోయాయి. మళ్లీ లోపలికి పోయాయి. సుక్రికి ఏమీ అర్థం కాలేదు. తనేమైనా తప్పు చేసిందేమోనని భయపడి ఏడుపు మొహం పెట్టింది.

“జోగయ్యకు ఫోను చేశానమ్మా. అరగంటలో వస్తానన్నాడు,” అంది సువార్త.

“అరగంటలో ఏమవుతుందో! ఆ ఊపిరి చూడు, ఎలా ఎగరేస్తున్నాడో. నాడి చూడాలి.” ఆవిడ గొంతు కంగారుగా ఉంది. కూతురి మొహంలోకి చూసింది, ఉత్తర్వు అతికించిన తలుపు వంక చూసింది. “ఇలా రా. బిడ్డను నువ్వు తీసుకో. కూర్చో.”

“నాకేం తెలుసమ్మా! నాకు చాతకాదు.”

“కూర్చోమన్నానా!”

సువార్త కూర్చుంది. దీవెనమ్మ ఆమె వెనకాల మోకాళ్ల మీద నిలబడింది. భుజం మీదుగా చెయ్యి చాపి కూతురి చేతి మీద తన చెయ్యి వేసింది. వేలి మీద వేలు, మణికట్టు మీద మణికట్టు. వణుకుతున్న ఆ చెయ్యి సువార్త చేతికి తగలగానే నిలకడగా అయింది. రెండూ కలిసి బిడ్డ మోచేతి లోపలి వైపుకి జరిగాయి. ఒకసారి తట్టాయి, రెండోసారి తట్టాయి.

“నేను వాణ్ణి ముట్టుకోలేదు, చూశావుగా,” అంది దీవెనమ్మ చెవి దగ్గర. “నిన్నే ముట్టుకున్నాను. ఇప్పుడు ఆగు. వేళ్లు బిగించకు. వినపడిందా?”

సువార్త కళ్లు మూసుకుంది. మొదట ఏమీ తెలియలేదు. తల్లి వేలు ఆమె వేలిని వెంట్రుకవాసి లోపలికి నొక్కింది. అప్పుడు తెలిసింది, సన్నగా, వడివడిగా, వేలి కింద కొట్టుకుంటున్న ప్రాణం.

“వినపడిందమ్మా,” అంది. ఆ మాట అనేసరికి ఆమెకు వెక్కిళ్లొచ్చాయి.

“ఏడవకు. లెక్క తప్పుతావు. మొదటినుంచి లెక్కపెట్టు.”

సువార్త మొదటినుంచి లెక్కపెట్టింది.